హారన్ కొట్టకు

ఆయన కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే బల్ల. ప్రతి అద్దాన్నీ దీపం కింద తిప్పి చూసి, వెంట్రుకంత గీత కనబడినా పక్కన పడేసేవాడు. ఆదివారం పొద్దున మాత్రం సైకిల్ బృందంతో రోడ్డెక్కేవాడు. అక్కడ ఆయన పేరు ‘నిదానం’. పల్లం వస్తే చాలు, రెండు బ్రేకులూ పట్టుకుని అందరికన్నా చివర దిగేవాడు. “నిదానం గారు వచ్చేలోపు రెండో టీ కూడా లాగించెయ్యొచ్చు” అని వాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు. పిరికివాణ్నని ఒప్పుకోవడానికి ఆయనకు మొహమాటం లేదు.

పెళ్లి చేసుకోలేదు. అక్క ఇంట్లోనే కింది వాటాలో ఉండేవాడు. బావ పోయి తొమ్మిదేళ్లయింది. బావ సైకిల్ పెరట్లో రేకుల కింద తుప్పు పడుతుంటే, కాలేజీలో చదివే మేనకోడలు ఒకరోజు అడిగింది.

“మావయ్యా, నాన్న సైకిల్ మళ్లీ నడుస్తుందా?”

నాలుగు నెలలు పట్టింది. బిగుసుకుపోయిన సీటు గొట్టానికి మూడు రోజులు నూనె తాగించాడు. గొలుసును కిరసనాయిల్లో నానబెట్టాడు. పాత రంగంతా గీకి, గరుకు కాగితంతో రుద్ది, ముదురు నీలం వేశాడు. కొత్త బ్రేకులు వేసి, చక్రాలు సరిచేశాడు. అక్క దాన్ని చూసి లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

ఆ సైకిల్ మీద పిల్ల మొదటిసారి బృందంతో కొండెక్కిన ఆదివారం, ఆయన మోకాలు వాచి ఇంట్లోనే ఉండిపోయాడు. బృందానికి పంపుదామని ఫోన్‌లో రంగు వేయకముందు తీసిన ఫొటోలు తిరగేస్తున్నాడు. ఒకదాన్ని పెద్దది చేసి చూశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, మెడ దగ్గర సన్నటి గీత. గరుకు కాగితం గీతలన్నీ నిలువుగా ఉన్నాయి. ఇదొక్కటే అడ్డంగా ఉంది. అందులో తుప్పు ఉంది.

అది పగులు. మేనకోడలికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బృందాన్ని నడిపించే డ్రాయింగ్ మాస్టారికి చేశాడు. ఎత్తలేదు. బండి మీద ఉన్నంతసేపూ ఫోన్లు సంచిలోనే ఉండాలని వాళ్ల నియమం.

“అక్కా, స్కూటర్ తియ్యి!”

దారిలోనే సంగతి చెప్పాడు. అక్క స్కూటర్ వేగం పెంచింది. ఎప్పుడూ ఆమె వెనక కూర్చుని ‘మెల్లిగా, మెల్లిగా’ అనే మనిషి ఆరోజు “ఇంకాస్త పోనివ్వు” అంటూనే ఉన్నాడు. వాళ్లు దిగడం మొదలుపెట్టకముందే పైకి చేరాలి. బ్రేకు గట్టిగా పట్టిందంటే భారమంతా ఆ మెడ మీదే పడుతుంది.

మూడో మలుపులో వాళ్లు ఎదురొచ్చారు. ముందు మాస్టారు, వెనక మరో ఇద్దరు, ఆ వెనక నీలం సైకిల్. పిల్ల జుట్టు ఎగురుతోంది, నవ్వుతోంది. అక్క చెయ్యి హారన్ మీదికి వెళ్లింది.

“హారన్ కొట్టకు!”

“ఆపొద్దా దాన్ని?”

“మనల్ని చూస్తే ఉలిక్కిపడి ముందు బ్రేకు పట్టేస్తుంది. పక్కకి ఆపి తలొంచుకో. దాన్ని పోనివ్వు.”

అక్క తలొంచుకుంది. కన్నకూతురు మూడడుగుల దూరంలోంచి దూసుకుపోతుంటే పెదవి కరుచుకుని కూర్చుంది. ఆయన వెనక్కి తిరిగి, నీలం సైకిల్ మలుపు దాటేదాకా చూశాడు.

స్కూటర్ తిప్పి వెనకే దిగారు. ఒక్కో గుంత వచ్చినప్పుడల్లా ఆయన కళ్లు సైకిల్ ముందు చక్రం మీదికే పోయేవి. కిందకి చేరి, రోడ్డు చదునై, సైకిల్ వేగం దానంతటదే తగ్గాక పక్కకి వెళ్లి, మామూలు గొంతు తెచ్చుకుని పిలిచాడు.

“అమ్మలూ, ముందు బ్రేకు ముట్టుకోకు. వెనకదే, మెల్లిగా పట్టు.”

పిల్ల దిగింది. “ఏమైంది మావయ్యా, అలా చెమటలు పట్టాయేంటి?”

సైకిల్‌ను సరుకుల ఆటోలో ఇంటికి తెచ్చి, ఫోర్కు ఊడదీసి, మెడ దగ్గర రంగు గీకి కిరసనాయిల్ రాసి తుడిచాడు. పైన సుద్దపొడి చల్లాడు. కాసేపటికి పగుల్లోంచి కిరసనాయిల్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీత తేలింది. మెడ చుట్టూ సగానికి పైగా ఉంది. పిల్ల మెట్ల మీద కూలబడింది.

“నువ్వు ఆ ఫొటో చూడకపోయుంటేనా...” అంది అక్క.

“ముందే చూశానక్కా.” ఆయన తలెత్తలేదు. “రుద్దేటప్పుడే కంటపడింది. గరుకు కాగితం గీతే అనుకుని రంగేసేశాను.”

అక్క లేచి, ఇద్దరికీ అన్నం పెట్టింది.

మర్నాడు దుకాణంలో మంచి అద్దాలు ఆరింటిని గీతలున్నాయని పక్కన పెట్టేశాడు. యజమాని మళ్లీ చూసి, ఒక్కదానికీ గీత లేదన్నాడు.

రెండు వారాల తర్వాత కొత్త ఫోర్కు బిగించాడు. మేనకోడలు ఎక్కబోతుంటే ఆపి, తనే ఆ సైకిల్‌తో కొండ ఎక్కి, అదే రోడ్డు మీద దిగాడు. కింద పిల్ల ఎదురుచూస్తోంది.

“ఎలా ఉంది మావయ్యా?”

“ప్రాణం పోయినంత పనైంది.”

“నీ సంగతి కాదు, సైకిల్ సంగతి!”

“దానికేం, బాగుంది” అని హ్యాండిల్ ఆమె చేతికిచ్చి, రోడ్డు పక్కన కూర్చున్నాడు.