రుక్కత్త చెప్పిన దిక్కుల మాట

చలి మొదలవగానే బెంగళూరులో మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వీధి చివర తోపుడుబండి మీదికి అనపకాయలు వస్తాయి. మంచుకి తడిసిన ఆ పచ్చితొక్కల జిడ్డువాసన ముక్కుకి తగిలిందంటే, ఎనభై దాటిన ఈ వయసులోనూ నేను బళేపేటలో మా గాజుల అంగడి వెనక ఇంట్లో, నాన్నని కన్న మా అవ్వ పక్కన చాప మీద కూర్చుని ఉంటాను.

అవి నలభైల నాటి చలికాలాలు. పొద్దున్నే జట్కా గుర్రాల గిట్టల చప్పుడు, నాన్న అంగడి తలుపు పలకలు ఒక్కొక్కటే తీస్తుంటే లోపల వేలాడే గాజుల గలగల, మధ్యాహ్నం ఆడపిల్లలమంతా పగిలిన గాజుముక్కలతో ఆడే ఆటలు, సాయంత్రమైతే నానిన అనపగింజల చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి తొక్కలు పితకడం, ఆ పితికిపప్పు సారు పొగలు కక్కుతుండగా వేడి సంగటిలో పోసుకుని తినడం.

అన్ని రంగుల గాజులున్న ఆ ఇంట్లో బోసిచేతులతో తిరిగేది ఒక్క రుక్కత్తే. నాన్నకి చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నాన్న ఎవరి మాటా వినకుండా ఆమెని మళ్ళీ బడికి, ఆపైన కాలేజీకి పంపాడు. అక్కడ అయ్యవారు ఒకరు, ఐసోట్రోపీ అనే మాటకి వేరువేరు శాస్త్రాల్లో ఉన్న అర్థాల గురించి అందరి ముందూ మాట్లాడమన్నారట. ఒక సాయంత్రం గింజలు పితుకుతూ అత్త సంబరంగా ఆ సంగతి చెప్పింది.

"మొగోళ్ళ ముందర నిలబడి మాట్లాడేదా? సుమ్నే, గమ్మున చదువుకోని రావల్ల. రేపు మేము వీధిలో తలెత్తుకోని తిరగల్లా వద్దా?" అంది అవ్వ.

అత్త కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తల వంచుకుంది. అది చూసి అవ్వే ఉండబట్టలేక, "అంత దొడ్డ మాట ఏముండాదే దాంట్లో?" అని అడిగింది.

"అన్ని దిక్కులకీ ఒకే గుణం ఉండేది మా," అంది అత్త. "కట్టె నిలువున కొడితే చీలతాది, అడ్డం కొడితే చీలదు. దానికి ఈ గుణం లేదు. గాజుకుండాది, వెలుగు ఎటునుంచి పోయినా ఒకే తీరు పోతాది. ఆకాశం సంగతి చదివేవాళ్ళేమో, బాగా దూరం చూస్తే ఏ దిక్కయినా ఒకే తీరుగా ఉండాదంటారు."

"ప్రాణముండే వాటికో?"

"సముద్రంలో ఒక నాచు ఉండాది. దాని గుడ్డుకి మొదట పైనా కిందా ఏమీ లేదు. వెలుతురు ఎటు పడితే, దాని అవతలి పక్క వేరు పుడతాది."

అవ్వ చేతులు ఆగిపోయాయి. "అయితే దాని రాత ముందే రాసిపెట్టలేదా?"

"లేదు మా."

అవ్వ అత్త బోసిచేతుల వంక చూసి, మళ్ళీ గింజలు పితకసాగింది. మర్నాడు పొద్దున అత్తకి జడ వేస్తూ, "ఎప్పుడే ఆ మాట్లాడేది? నేనూ వస్తా," అంది.

అత్త మాట్లాడే రోజున అవ్వ శాలువా కప్పుకుని, నన్ను వెంటబెట్టుకుని జట్కాలో బయల్దేరింది. కాలేజీలో వెనక బల్ల మీద కూర్చున్నాం. అత్త ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు. చేతిలో కాగితం చూసి చదువుతున్న అత్త మాట మధ్యలోనే ఆగిపోయింది. అవ్వకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గానీ ఆ మౌనం మాత్రం అర్థమైంది. లేచి నిలబడి, "ఆ నాచుగుడ్డు సంగతి చెప్పవే రుక్కూ!" అని గట్టిగా కేకేసింది.

గది గదంతా ఘొల్లున నవ్వింది. నేను సిగ్గుతో బల్ల కిందికి వంగిపోయాను. కానీ అత్త కూడా నవ్వింది. పుట్టింటికి వచ్చాక ఆమె అంత పెద్దగా నవ్వడం నేను చూడలేదు. కాగితం పక్కన పెట్టి ఆ గుడ్డుతోనే మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే అవ్వ కళ్ళు తుడుచుకుని, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనాయనతో, "నా కూతురప్పా," అంది.

వీధిలో ఆడవాళ్ళు ఆరా తీయనే తీశారు. "ఔను, మాట్లాడింది. బాగా మాట్లాడింది," అని అవ్వ అందరి నోళ్ళూ మూయించింది. అత్త తర్వాత కాలేజీలోనే పాఠాలు చెప్పింది. నాకూ లెక్కలు నేర్పి, నన్నూ పంతులమ్మని చేసింది. నేను తిన్న ప్రతి ముద్దలో నాన్న, అవ్వ, అత్త, ఆ ముగ్గురి చలవా ఉంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ ఇనుపసామాన్ల కొట్టు. జట్కాలు లేవు, అవ్వ మాట్లాడిన తెలుగు మాట్లాడేవాళ్ళూ తగ్గిపోయారు. మొన్న బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు, ఆఫీసులో అందరి ముందూ మాట్లాడాలి అంటూ హడావుడిగా చెప్పులేసుకుంటోంది.

"ఇంట్లో ఎవర్నైనా అడిగినావా?" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"ఎవర్ని అడగాలి అవ్వా? ఎందుకు?" అంది.

నా ప్రశ్న ఆ పిల్లకి నిజంగానే అర్థం కాలేదు. పోయినవాటిలో అలా అడగడమూ ఒకటి. అది పోయినందుకు మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.