ఆరిపోనివ్వకు

గుడివాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డాను. నాకు పది అడుగుల దూరంలో, ప్రహరీ గోడకు ఆనుకుని ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు. ఒకడి ఫోను మోగింది. పేరు చూసి గతుక్కుమన్నాడు. వేళ్ళ మధ్య ఉన్న సిగరెట్టు పక్కవాడి చేతిలో పెట్టి, "ఒక్క నిమిషం పట్టుకోరా, మా నాన్న" అంటూ అవతలికి నడిచాడు. ఆ నాన్న ఎక్కడో ఊళ్ళో ఉన్నాడు. ఫోనులో పొగ కనపడదు, వాసనా రాదు. అయినా నాన్నతో మాట్లాడేటప్పుడు చేతిలో సిగరెట్టు ఉండకూడదు. ఈ మర్యాద మా వైపు కుర్రాళ్ళలో ఇంకా పోలేదు. పొగ నా దాకా వచ్చింది. జేబులో ఉన్న నా కుడిచెయ్యి దానంతటదే బయటికి వచ్చి రెండు వేళ్ళు విడదీసుకుంది. మళ్ళీ లోపల పెట్టాను. టైము మూడుసార్లు చూసుకున్నాను. బస్సు రాలేదు. నేను వెళ్తున్నది దానియేలు మాస్టారి జ్ఞాపకార్థ కూటానికి. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఏడాదైంది.

బందరులో నేను మెకానికల్ డిప్లొమా చదివిన కాలేజీలో ఆయన వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు. దివిసీమలో ఒక లంక పల్లెలో పుట్టి, ఐటీఐ చదివి, ముప్పై ఏళ్ళు ఇనుముతో గడిపిన మనిషి. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా జేబులో కూడా అదే స్కేలు. ఆయన దగ్గర అట్ట చిరిగిన పొడుగు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని పోయిన జాబుల పుస్తకం అనేవాళ్ళం. వర్క్‌షాపులో మేము వైసు పట్టులో బిగించి, ఆకురాయితో అరగదీసి కొలతకు తేవలసిన ఇనుప ముక్కను జాబు అంటారు. ఎవడి జాబు పాడైతే వాడు అందులో రాయాలి. గడులు మూడు: ఏ జాబు, ఏం జరిగింది, ఎందుకు. ఒకటే నియమం. ఎందుకు అనే గడిలో మనిషి పేరు రాయకూడదు, నీదైనా ఇంకొకడిదైనా.

మొదటి నెలలో నా జాబు పోయింది. ముక్క మూల మట్టానికి రాలేదు, స్కేలు ఆనించి వెలుతురులో పెట్టి చూస్తే సందు కనపడుతోంది.

"ఎందుకు పోయింది?" అన్నారు మాస్టారు.

"ఆకురాయి మొద్దుబారిందండీ."

"దానికి ముందు?"

"వైసులో సరిగ్గా బిగించలేదండీ."

"దానికి ముందు?"

ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పాను. "పక్కబెంచీ వాడు నాకంటే ముందు అవగొడతాడేమోనని..."

"ఆఁ, అది రాయి. ఆకురాయికి నోరు లేదు కదా అని దాని మీదకి తోసెయ్యకు."

ఆ కాలేజీలో మొదటి రెండు నెలలు నాకు పేరు లేదు. కోడూరు నుంచి వచ్చాను కాబట్టి అందరూ "కోడూరు" అనే పిలిచేవారు. హాస్టల్లో నలుగురు చేరి మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడేవాణ్ణి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కట్టుకుంటే మాస్టరులా, వదిలేస్తే తప్పు చేసినవాడిలా ఉండేది. నన్ను మొదట "కిరణూ" అని పిలిచింది ఫైనలియరు శ్రీను అన్న. మధ్యాహ్నం భోజనాలయ్యాక వర్క్‌షాపు వెనక కిటికీ దగ్గర సిగరెట్టు కాల్చేవాడు. నేను ఊరికే పక్కన నిలబడేవాణ్ణి. "నీకెందుకురా ఇది, జామకాయ తిను" అని నవ్వేవాడు.

ఒకరోజు అతని ఫోను మోగింది. "మా నాన్న రా. ఒక్క నిమిషం పట్టుకో, ఆరిపోనివ్వకు, ఇదే ఆఖరిది" అని సిగరెట్టు నా చేతిలో పెట్టి గేటు వైపు వెళ్ళాడు. మా కాలేజీలో సిగ్నలు గేటు దగ్గరే వచ్చేది. నిమిషం అయింది, రెండయ్యాయి. నిప్పు బూడిద కింద మసకబారింది. ఒకసారి పీల్చాను. దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిప్పు మాత్రం ఎర్రబడింది. రెండోసారి పీల్చాను. అప్పుడే గోడ మలుపులో మాస్టారి దగ్గు వినపడింది. చేతిలో ఉన్నదాన్ని కిటికీలోంచి లోపలికి విసిరేశాను. కిటికీ కింద నూనె తుడిచిన పీచుదూది వేసే డ్రమ్ము ఉందని నాకు తెలుసు. ఆ క్షణంలో తెలియలేదు, అంతే.

మంట పెద్దది కాదు. డ్రమ్ము కాలింది, గోడ నల్లబడింది, డ్రిల్లింగు మిషను వైరు మాడింది. నూనె మంట మీద నీళ్ళు పొయ్యకూడదని పాఠంలో విన్నాను కాబట్టి పరిగెత్తి ఇసుక బకెట్లు తెచ్చాను. ప్రిన్సిపాలు గారు అందరి ముందూ నా భుజం తట్టారు. శ్రీను అన్న జేబులో ఖాళీ సిగరెట్టు పెట్టె దొరికింది. "నేనే పడేశానండీ" అన్నాడు. అతని హాల్‌టికెట్టు ఆపేశారు. పరీక్షలకు పదకొండు రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర అతన్ని పట్టుకుని, "అన్నా, నేను చెప్పేస్తాను" అన్నాను.

"నోరు మూసుకో. ఇసుక తెచ్చిన హీరోవి, అలాగే ఉండు. చేతిలో పెట్టింది నేను కదా."

మర్నాడు మాస్టారు నన్ను టూల్‌రూములోకి పిలిచారు. పుస్తకం తెరిచి ఉంది. జాబు: పీచుదూది డ్రమ్ము. ఏం జరిగింది: కాలింది. మూడో గడి ఖాళీ.

"మంట లేచినప్పుడు శ్రీను గేటు దగ్గర ఫోనులో ఉన్నాడు. నేను చూశాను" అన్నారు. "గేటు నుంచి కిటికీకి నలభై ఆరు అడుగులు. వాడి చెయ్యి అంత పొడుగు కాదు. నిన్న నీ చేతిలోంచి ఇసుక బకెట్టు అందుకుంటే నీ వేళ్ళు వాసన కొట్టాయి. కాల్చిన సంగతి ముందు రాయి. ఎందుకు?"

నేను లెక్కగా రాసేవాణ్ణి. అయిదు రాశాను: స్నేహితుల ఒత్తిడి, పరీక్షల భయం, సినిమాలు, కుతూహలం, శ్రీను అన్న. ఆయన స్కేలు పెట్టి ముందు అయిదోది కొట్టేశారు. "పేర్లొద్దన్నానా?" తర్వాత మిగతావాటి మీదకి వచ్చారు. "ఆ రోజు సినిమా చూశావా?"

"లేదండీ."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదండీ, జామకాయ తినమన్నాడు."

"ఇవన్నీ వ్యాసంలో రాసేవి, మార్కులొస్తాయి. నీవి కావు. దానికి ముందు?"

"ఆరిపోనివ్వకు అన్నాడండీ."

"ఆరిపోతే ఏమవుద్ది?"

"ఇంకోసారి నా చేతికి ఇవ్వడేమోనని. మళ్ళీ కోడూరు అని పిలుస్తాడేమోనని."

ఆయన స్కేలు కింద పెట్టారు. నాకేమో కోపం వచ్చింది. ఒక్కసారిగా, "మీరూ కాలుస్తారు కదండీ, పవర్‌హౌస్ వెనకాల. అందరికీ తెలుసు" అన్నాను. కొడతారనుకున్నాను.

"తెలిస్తే తెలిసింది" అన్నారు. "మా తాతకి చుట్ట. అరుగు మీద కూర్చుని 'ఒరే దానియేలూ, పొయ్యి దగ్గర అంటించుకు రారా' అనేవాడు. పొయ్యి నుంచి అరుగు దాకా ఆరకుండా తేవాలంటే దారిలో రెండు దమ్ములు లాగాలి. ఆరిపోయిందనుకో, మా తమ్ముణ్ణి పంపేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక్కసారీ ఆరనివ్వలేదురా నేను." కొంచెంసేపు దగ్గారు. తర్వాత ఖాళీ పేజీ చింపి నా ముందు పెట్టారు. "కాల్చింది ఎందుకో తేలింది. విసిరింది ఎందుకో కూడా రాసి నీ దగ్గరే ఉంచుకో. ఎవరికిస్తావో, అసలు ఇస్తావో లేదో నీ ఇష్టం. నేను అడగను."

అడిగి ఉంటే బాగుండేది. దొరికిపోతానన్న భయంతో విసిరానని రాసి, కాగితం జేబులో పెట్టుకుని ఆ శనివారం కోడూరు వెళ్ళాను. అవనిగడ్డలో బస్సు మారాక సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచాను, రొయ్యల చెరువు గట్టు మీద నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు వింటూ అటూ ఇటూ తిరిగాను. జేబులో కాగితం ఎన్నిసార్లు తడుముకున్నానో. చెప్తే హాస్టలు పోతుంది, మండలాఫీసులో గుమాస్తాగా ఉన్న నాన్న తల దించుకోవాలి. చెప్పకపోతే శ్రీను అన్న ఏడాది పోతుంది. రెండు వరుసలుగా రాసి చూశాను. ఏ వరుస ఎంత పొడుగ్గా ఉన్నా, మాస్టారు స్కేలుతో కొట్టేస్తున్నట్టే కనపడింది. సోమవారం పొద్దున కాగితం ప్రిన్సిపాలు గారి బల్ల మీద పెట్టాను.

హాల్‌టికెట్టు శ్రీను అన్నకి వచ్చింది. నాకు ఆ ఏడాది హాస్టలు పోయింది. రోజూ కోడూరు నుంచి అవనిగడ్డ, అవనిగడ్డ నుంచి బందరు. నాన్న రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మాస్టారు మెచ్చుకోనూ లేదు, ఓదార్చనూ లేదు. వర్క్‌షాపులోకి వెళ్తే, "రా కిరణూ, నీ మూడో జాబు అలాగే ఉంది" అన్నారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఇప్పుడు నేను గుడివాడలో రైసుమిల్లు మిషన్లు చేసే షెడ్డులో తనిఖీ పని చూస్తున్నాను. జాబు పోయిందని ఎవరైనా వస్తే నా నోట మొదట వచ్చే మాట "దానికి ముందు?" అనేదే. ఇంతా తెలిసి కూడా నెలకు మూడో నాలుగో కాలుస్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడూ కాదు. నలుగురు నిలబడ్డ చోట, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనప్పుడు.

బస్సు వచ్చింది. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి అవనిగడ్డ చేరేసరికి ప్రార్థన మొదలైంది. భోజనాలయ్యాక మాస్టారి భార్య ఆ పొడుగు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది నీకిమ్మన్నారు బాబూ. చివరి పేజీ చూసుకోమన్నారు."

చివరి పేజీలో ఆయన దస్తూరీ. జాబు అన్నచోట ఏమీ లేదు. ఏం జరిగింది: చుట్ట. ఎందుకు: ఆరనివ్వకుండా తెస్తే తాత నన్నే పిలిచేవాడు. దాని కింద, గడులు దాటి, ఇంకొక వాక్యం. "కారణం దొరికింది. జాబు మాత్రం సరి కాలేదు."

తిరుగు బస్సులో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాను. చల్లపల్లి దాటాక పెన్ను తీసి, ఆ వాక్యం కింద "ఇక్కడా అంతే" అని రాశాను. పేరు రాయలేదు. అందులో పేర్లు రాయకూడదు.