గింజల అంచు కోసం బుడితి దాకా

మా నాన్న బతికున్నన్నాళ్లూ అన్నం తిన్న కంచు కంచం పోయిన నెల అమ్మ చేతిలోంచి జారి, అంచు నుంచి మధ్యదాకా బీటలు వారింది. కంచు ఒకసారి పగిలితే అతకదు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నందుకు అన్నయ్యతో అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ కంచం అంచు చుట్టూ చిక్కుడు గింజలు పక్కపక్కన పేర్చినట్టు ఉబ్బెత్తు వరస ఉంటుంది. మేం గింజల అంచు అనేవాళ్లం. నాన్న సాలూరులో లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. ఆ అంచంటే ఆయనకు పిచ్చి. లారీ నుదుటి చెక్క మీదా, మా మంచం తలాపునా, మా బాప్టిస్టు చర్చి గుమ్మం మీదా అదే చెక్కారు. చిన్నప్పుడు రోడ్డున పోయే లారీ నుదురు చూసి "అది మా నాన్నదే!" అని అరిచేదాన్ని. ఆ లారీలన్నీ ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. అందుకే అలాంటి కంచమే మళ్లీ పోతపోయించుకుందామని, కంచు పనికి పేరున్న బుడితికి నేనూ అమ్మా బయలుదేరాం.

సాలూరులో ఆరున్నర బస్సెక్కితే తొమ్మిదిలోపే విజయనగరం చేరాం. అక్కడి నుంచి శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి దారిఖర్చు మాకు టీలకే అయింది. అమ్మ సంచిని ఒళ్లోంచి దించదే! కండక్టరు నవ్వాడు.

"ఏటమ్మా అది, అంత బద్రంగా పట్టుకున్నావు?"

"మా ఇంటాయన కంచం."

"పక్కనెట్టుకో, పడిపోదులే."

"పడిపోయే పగిలింది బాబూ," అంది అమ్మ.

శ్రీకాకుళంలో ఇడ్లీ తిని, ఇంకో బస్సు పట్టుకుని బుడితికి దగ్గర్లో దిగాం. అక్కడి నుంచి షేర్ ఆటో. బుడితిలో అడుగుపెట్టేసరికి పన్నెండు దాటింది. ఊళ్లోకి వెళ్తుంటేనే సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయి.

మేం వెళ్లిన ఇంట్లో అప్పలస్వామి పోత పోస్తాడు, ఆయన భార్య పైడమ్మ మైనం పని చూస్తుంది. కంచాన్ని తిప్పి చూసి పద్ధతి చెప్పాడాయన. పాత కంచం మీద మట్టి అద్ది అచ్చు తీస్తారు. ఆ అచ్చులోంచి మైనం కంచం వస్తుంది. దానిచుట్టూ మళ్లీ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి కంచు దిగుతుంది.

"ఈ కంచాన్నే ముక్కలు సేసి కరిగిస్తాను పిన్నీ. అప్పుడే మీ కంచు మీకే వస్తాది. పగలగొట్టీమంతావా మరి?"

మైనం కంచం చేతికొచ్చి, గింజల వరస అందులో దిగిందని అమ్మ తడిమి చూసుకున్నాకే "కొట్టీ" అంది. సుత్తి దెబ్బ పడగానే మొహం తిప్పేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మేం తెచ్చుకున్న పులిహోర తిని చేతులు కడుక్కుని వస్తుంటే, పైడమ్మ సన్నటి ఇనుప పుల్ల కాల్చి మైనం అంచును దిద్దుతోంది. అమ్మ కేక పెట్టింది.

"ఆగవే! ఏటి సేస్తన్నావు?"

"ఇక్కడ నాలుగు గింజలు అరిగిపోనాయి కదా పిన్నీ. పాతవేవొచ్చినా నింపీసే ఇస్తాం. ఒకటి నింపీసాను."

అవి నాన్న వేలు పెట్టిన చోటు. భోజనం అయ్యాక కూడా లేవకుండా కబుర్లు చెబుతూ, ఎడమ బొటనవేలితో అంచుని రుద్దుతూ కూర్చునేవారు. ఆ నాలుగు గింజలూ అలాగే నున్నబడ్డాయి. పైడమ్మ పాపం మంచికే చేసింది. ఆ సంగతి తెలియగానే గాబరాపడి, నింపిన గింజను మళ్లీ గీకేస్తానంది. మైనం కంచం తీసేటప్పుడే మట్టి అచ్చు చితికిపోయింది, పాత కంచమేమో ముక్కలై గంపలో ఉంది, ఇంకో అచ్చు తీయడానికి లేదు.

"గీకితే నీ పుల్ల గీతవుతాది గానీ ఆయన ఏలు అవుతాదేటి? ఉంచీమ్మా," అని అమ్మ ఆ నిండు గింజ మీద బొటనవేలు ఆనించింది. "ఆ ఒక్కటీ నాను అరగదీస్తాన్లే."

వారం తర్వాత వెళ్లి కంచం తెచ్చుకున్నాం. బుడితిలో కొనుక్కోవడానికి కొత్త చెంబులు, దీపపు కుందులు చాలా ఉన్నాయి, చూస్తుంటే పొద్దు తెలియదు. కానీ మీరు పాతది పట్టుకెళ్తే మాత్రం, మట్టి అద్దకముందే ఏ అరుగుదలను దిద్దకూడదో వేలు పెట్టి చూపించండి, మైనం పని అయ్యేదాకా పక్కనే కూర్చోండి. నాన్న చెక్కినవాటిలో మిగిలింది మంచమూ, చర్చి గుమ్మమూ. ఆయన చెక్కకుండా అరగదీసినది మాత్రం ఈ మూడు గింజలే. ఇన్నాళ్లూ స్టీలు కంచంలో తిన్న అమ్మ ఇప్పుడు ఈ కంచు కంచంలోనే తింటోంది. అన్నం అయిపోయినా లేవదు. నాలుగో గింజ మీద బొటనవేలు ఆడిస్తూ, ఇంకా కబుర్లు చెప్పమంటుంది.