రాత్రి ఎనిమిది గంటల మాత్ర

మా కుక్కకు మూర్ఛ జబ్బు. పదకొండేళ్ళ ఊరకుక్క. మూడేళ్ళుగా పొద్దున ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒక మాత్ర వేస్తున్నాం. ఒక్క పూట తప్పినా పడిపోవచ్చని పశువుల డాక్టరు చెప్పాడు. ఎప్పుడూ తప్పలేదు. వేసిన ప్రతిసారీ డైరీలో టిక్కు పెట్టాను.

నా భార్య కంటి ఆపరేషనుకు విశాఖపట్నం ఆసుపత్రి వాళ్ళు సోమవారం రమ్మన్నారు. ఆ రాత్రి అక్కడే ఉండాలి. విశాఖలో కుక్కలను ఉంచుకునే చోటొకటి ఉందంటే ఫోను చేశాను. మూర్ఛ అనగానే వద్దన్నారు. మా ఊరు ఆమదాలవలసలో, మా వీధి మొత్తం మీద, మా కుక్క గేటు లోపలికి రానిచ్చే మనిషి ఎదురింటావిడ ఒక్కతే. వాళ్ళు వరి పండించే రైతులు. ఆవిడ నన్ను బావ అంటుంది, నా భార్యను అక్క అంటుంది. వాళ్ళింట్లో గుడ్లు ఉడికిన రోజున మా కుక్కకూ ఒకటి వచ్చేది.

అడగగానే ఒప్పుకుంది. రెండు పేజీల కాగితం రాసిచ్చాను. నీళ్ళ గిన్నె ఎక్కడ, గొలుసు ఎక్కడ, మాత్రను ఉడికిన గుడ్డులో పెట్టి ఎలా ఇవ్వాలి, అన్నీ.

"ఏటి బావా, కుక్కకి కూడా ఆఫీసు ఆర్డరా?" అని నవ్వి, చదవకుండానే మడిచి నడుముకు దోపుకుంది.

రెండు గుడ్లు ఉడికించి, డబ్బాలో పెట్టి, మీద చీటీ అంటించి వెళ్ళాను.

ఆపరేషను బాగానే జరిగింది. రాత్రి ఏడున్నరకు ఫోను మోగింది.

"బావా, డబ్బాలో గుడ్లున్నాయేటి?"

"మాత్ర అందులో పెట్టాలమ్మా. కాగితంలో రాశానే."

"కార్తీకం కదా బావా."

నా డైరీలో ఇంగ్లీషు తేదీలే ఉంటాయి. రోజూ తెల్లారకముందే ఆవిడ తలస్నానం చేసి దీపం పెట్టడం మా అరుగు మీంచి చూస్తూనే ఉన్నాను. చూసిందానికీ గుడ్డుకూ ముడిపెట్టలేదు.

"మా పిల్లకి నెలలు నిండాయి బావా. దాని పురుడు కోసం మొక్కుకున్నాను. నెలంతా గుడ్డు ముట్టను."

ఆ మాట మీద ఇంకేం అడగను?

పెరుగన్నంలో పెట్టి చూడమన్నాను. కుక్క అన్నం తిని మాత్ర వదిలేసింది. అరటిపండులో పెట్టమన్నాను. మాత్ర ఉమ్మేసింది. బెల్లం వాసన చూసి పక్కకు తిరిగిపోయింది.

"నోరు తెరిచి గొంతులో వేయగలవా?"

ఫోను కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆవిడ మళ్ళీ ఫోను తీసింది. "గుర్రుమన్నాది బావా. నా మీద ఎప్పుడూ గుర్రుమనలేదు."

"మీ ఆయన్ని ఒకసారి..."

"ఆయన గేటు మీద సెయ్యేస్తే కండ ఊడిపోతాది. ఎరగవేటి?"

కంటికి కట్టుతో పడుకున్న నా భార్య అంతా విన్నది. "అన్నీ రాస్తావు కదా, కార్తీకం అని రాసుకోలేకపోయావా?" అంది. ఎనిమిది దాటింది. డైరీ సంచిలోనే ఉంది. తీయలేదు.

పొద్దున్న ఆరింటికి మళ్ళీ ఫోను. "మూర్ఛ ఒచ్చింది బావా. పెద్దదే. స్నానానికి లేసి, ఓపాలి సూద్దారని వొచ్చాను. తల ఒళ్ళో ఎట్టుకున్నాను. కాళ్ళు కొట్టుకున్నాది, కొట్టుకున్నాది, ఆగలేదు. ఇప్పుడు పడుకున్నాది."

తొమ్మిదింటికి డాక్టరు వచ్చి కట్టు విప్పేదాకా మేము కదలడానికి లేదు. కుర్చీలో కూర్చున్నాను. నిమిషానికోసారి గడియారం చూడడం తప్ప చేయగలిగింది లేదు.

మధ్యాహ్నం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఆవిడ ఇంకా మా వరండాలోనే ఉంది. చీరంతా కుక్క చొంగ. ఆ రోజు స్నానమూ లేదు, దీపమూ లేదు. కుక్క తలెత్తి నన్ను చూసింది కానీ లేవలేకపోయింది. గుడ్డు చిదిమి అందులో మాత్ర పెట్టి నోటి దగ్గర పట్టుకున్నాను. చాలాసేపటికి మింగింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది.

"దీపం తప్పిపోయింది కదమ్మా, నా వల్ల," అన్నాను.

"పిల్లకేటీ కాకపోతే సాలు బావా," అంది. లేచి కొంగు దులుపుకుంది. "అక్కకి మళ్ళీ ఎప్పుడు సూపించాలన్నారు?"

"వచ్చే సోమవారం. ఆ రాత్రి కూడా ఉండమన్నారు."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అప్పటికీ కార్తీకమే బావా," అంది. గేటు దాకా వెళ్ళి, వేసెయ్యకుండా అక్కడే నిలబడింది. రమ్మని నేను అడగలేకపోయాను. రానని ఆవిడా అనలేకపోయింది.