చెట్టు కొట్టే ముందు హాజరు

తుపాను వెళ్ళిన మూడో రోజు పొద్దున్న ఏడు గంటలకి, రేపల్లెలో రంగనాయకులు గారి కుటుంబం రోడ్డు మీద పొడుగు ప్రకారం వరసలో నిలబడి ఉంది. 1990 మే నెల. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. రంగనాయకులు లుంగీతో అందరికంటే వెనక ఉన్నాడు. ఆయన భార్య ప్రమీలారాణి చేతిలో పాలగిన్నె ఉంది. ఎదురుగా మెడలో ఈల, చేతిలో హాజరు పుస్తకంతో దేవసహాయం మాస్టారు. ఆయన పక్కన రంపం నేలకానించి, ఈ తతంగం ఎప్పటికి తెములుతుందా అని చూస్తున్న సీమోను.

మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఇంట్లోవాళ్ళంతా బయటికొచ్చి, పేరు పిలిస్తే పలికి, హాజరు పడేదాకా చెట్టు మీద గొడ్డలి పడనివ్వడు. తెనాలిలో ముప్ఫై రెండేళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేశాడు. రిటైరైన రోజున బడివాళ్ళు శాలువా కప్పబోతే వద్దని, స్టోరు గదిలో పడి ఉన్న తాడులాగే పోటీల తాడు అడిగి పట్టుకెళ్ళాడు. ఆ తాడుతో, గాలివానకి ఇళ్ళ మీదికి ఒరిగిన చెట్లని దించే పనిలో పడ్డాడు. కొలకలూరు నుంచి సీమోను రంపంతో వచ్చి జతయ్యాడు. చెట్టు కొయ్యడానికి గంట, మనుషుల్ని లెక్కపెట్టడానికి పూట అని సీమోను చెప్పుకోని ఊరు లేదు.

ఒకసారి తెనాలిలోనే ప్లీడరు హనుమయ్య గారింట్లో నేరేడు చెట్టు వసారా మీదికి వాలింది. అందరూ వరసలో నిలబడ్డారు, ప్లీడరు గారు తప్ప.

"ఆయన స్నానం చేస్తున్నారండి. మీరు మొదలుపెట్టండి" అన్నాడు గుమాస్తా.

"స్నానం చేసే మనిషి ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?" అని మాస్టారు ఈల ఊదాడు. ఆపకుండా ఊదాడు. నాలుగో నిమిషానికి హనుమయ్య గారు తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతో రోడ్డెక్కారు.

"ప్రెజెంట్ అనాలి" అన్నాడు మాస్టారు.

"నేను ప్లీడర్నయ్యా!"

"ప్లీడర్ల మీద చెట్లు పడవా అండి?"

హనుమయ్య గారు అటూ ఇటూ చూసి, "ప్రెజెంట్" అని గొణిగి, గుమాస్తా వెనక నిలబడ్డారు. గుమాస్తా పొట్టి.

ఇంకో ఏడాది తుపానుకి బాపట్లలో ఇంకా అన్యాయం. ఒక పంతులమ్మ గారింట్లో కొబ్బరిచెట్టు కరెంటు తీగల మీదికి ఒరిగింది. నాలుగు రోజుల నుంచి ఊరంతా చీకట్లోనే ఉంది. అయినా లైన్‌మన్ వచ్చి చెప్పందే కుదరదన్నాడు మాస్టారు. లైన్‌మన్ మధ్యాహ్నానికి వచ్చాడు.

"ఊళ్ళోనే కరెంటు లేదండి మాస్టారూ."

"ఊరి సంగతి నాకెందుకు? ఈ తీగ సంగతి చెప్పు."

లైన్‌మన్ స్తంభం ఎక్కి, తీగ విప్పి, దిగి చెప్పాడు. చెప్పినందుకు మాస్టారు అతన్ని కూడా వరసలో నిలబెట్టి పేరు రాసుకున్నాడు.

ఇలాంటివి చూసీ చూసీ సీమోను విసుగుకే విసుగు పుట్టింది. తుపాను తర్వాత చెట్లు కొట్టమని ఊరికి నాలుగు చొప్పున కబుర్లొచ్చి ఉన్నాయి. రంపం నడవాల్సిన కాలంలో ఈల నడుస్తోంది.

రంగనాయకులు ఇంటి వెనక నిద్రగన్నేరు సగం వేళ్ళతో లేచి, పెరట్లోని పెంకుటి గది మీదికి వంగి ఆగింది. పెద్ద కొమ్మ ఒకటి గోడకి తన్నిపెట్టి, చెట్టు బరువంతా మోస్తోంది.

"ఇంట్లో ఎంతమంది?" అడిగాడు మాస్టారు.

"అయిదుగురం అండి. నేను, మా ఆవిడ, ముగ్గురు పిల్లలు."

అయిదుగురూ పలికారు. సీమోను హమ్మయ్య అనుకుని రంపం ఎత్తాడు. మాస్టారు మాత్రం పెరట్లోకి వెళ్ళి పంపు దగ్గర నిలబడ్డాడు. అక్కడ రాత్రి తోమి బోర్లించిన కంచాలున్నాయి. వేలితో లెక్కపెట్టాడు.

"ఆరున్నాయే?"

"చుట్టాలొస్తే ఉంటుందని కడిగానండి" అంది ప్రమీలారాణి.

"తుపాన్లో చుట్టాలా అమ్మా?"

చివరికి చిన్నకూతురే వరసలోంచి, "మామ్మది సార్. వెనక గదిలో ఉంది" అంది.

అచ్చమ్మ రంగనాయకులు మేనత్త. డెబ్భై ఎనిమిదేళ్ళు. సీమోను ఎత్తిన రంపం దించేశాడు. చెట్టు కింద మూడు రోజులుగా మనిషుందన్నమాట!

"రమ్మంటే రాదండి. మొండి ఘటం" అన్నాడు రంగనాయకులు, లెక్కలోంచి ఆవిడ ఎందుకు జారిపోయిందో మాత్రం చెప్పకుండా.

మాస్టారు గోడకి దూరంగా, చెట్టు వాలని వైపు నుంచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"అచ్చమ్మ గారూ, బయటికి రండి."

"ఎవరు నువ్వు?"

"డ్రిల్లు మాస్టర్నండి."

"నాకు డ్రిల్లెందుకు నాయనా, ఈ వయసులో? నేను రాను. గడప దాటానా, వీడు ఈ గది పీకేసి స్కూటరు షెడ్డు వేస్తాడు. చెట్టు పడితే పడనీ, వాడికి ఖర్చు కలిసొస్తుంది."

అప్పటికే వీధి జనం పోగయ్యారు. రంగనాయకులు నవ్వబోయాడు గానీ మూతి సగంలో ఆగిపోయింది. షెడ్డు కొలతలు మొన్ననే మేస్త్రీకి ఇచ్చాడు మరి.

మాస్టారు కిటికీ దగ్గర్నుంచి తిరిగొచ్చాడు. పుస్తకంలో ఏదో రాసి, "రంగనాయకులు గారూ, ఇక్కడో సంతకం. ఇంటి పెద్ద సంతకం లేందే పని మొదలవదు" అన్నాడు. తొందరలో ఉన్న మనిషి చదవకుండా పెట్టేశాడు. మాస్టారు ఈల ఊది, వీధంతా వినేలా చదివాడు.

"హాజరు ఆరు. ఆరవ పేరు శ్రీమతి అచ్చమ్మ గారు. నివాసం, పెరటి గది. చెట్టు తీశాక అదే గదిలో ఉండుటకు ఇంటి యజమాని సమ్మతి."

"అదేంటండి!" అన్నాడు రంగనాయకులు.

"చెరిపెయ్యమంటారా? పెన్నుతో రాశానే!"

వీధి జనం రంగనాయకులు మొహంలోకి చూశారు. ఆయన పాలగిన్నెలోకి చూశాడు. లోపల గడియ తీసిన చప్పుడైంది.

అచ్చమ్మ నడుం వంగిపోయిన మనిషి. పొడుగు ప్రకారం చూస్తే చిన్నపిల్లకంటే కూడా పొట్టి. కనక వరసలో మొదటి స్థానం ఆవిడది. మాస్టారు ఆవిడ కోసం కుర్చీ వేయించాడు. పొట్టివాళ్ళు ముందు అనే రూలు వల్ల ప్రతి ఇంట్లో ముసలివాళ్ళూ పిల్లలే మొదట రోడ్డెక్కుతారని, తొమ్మిదేళ్ళు ఆయన పక్కన నిలబడిన సీమోనుకి ఆ రోజే తట్టింది. తట్టినందుకు కాస్త చిరాకు కూడా పడ్డాడు.

రంగనాయకులు అతన్ని పక్కకి పిలిచాడు.

"మొదలు దగ్గర ఒక్క కోత పెట్టు సీమోనూ. గది పోతే పోయింది, పని తొందరగా తెములుద్ది."

"వంగిన చెట్టండి బాబూ. మొదలు దగ్గర కోస్తే మొద్దు ఎగిరి నా గుండెల మీద తంతుంది. తర్వాత మీ ఇష్టం" అన్నాడు సీమోను. ఆ మాట మాస్టారు తనకి వందసార్లు చెప్పిందే. అంత సూటిగా తన నోటి నుంచి వచ్చేసరికి అతనికే ఆశ్చర్యం వేసింది.

చిటారు నుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్క కొమ్మకీ తాడు కట్టడం, కొయ్యడం, గది మీద పడకుండా పక్కకి దించడం. గోడకి తన్నిపెట్టిన కొమ్మని ముట్టుకోలేదు. చివరికి అదొక్కటీ, మొద్దూ మిగిలాయి. తాడు మొద్దుకి కట్టి, చెట్టు పొడుగుకి రెండింతల దూరంలో నిలబడి లాగమని వీధి జనానికి చెప్పాడు మాస్టారు. తాడు చివర నడుముకి చుట్టుకుని నిలబడేవాడు అందరికంటే బరువైనవాడై ఉండాలి. అందరికంటే బరువైనవాడు రంగనాయకులు.

"నేనా అండి?"

"మీరే. కాళ్ళు ఎడంగా పెట్టండి. వదిలారో, గది పోతుంది."

వీధి మొత్తం చూస్తుండగా రంగనాయకులు మేనత్త గదిని కాపాడటానికి మొహం ఎర్రబడేలా లాగాడు. కుర్చీలో కూర్చున్న అచ్చమ్మ, "ఒంగకురా, వెనక్కి వాలు!" అని అరిచింది. కొమ్మకి సీమోను ఆఖరి కోత పెట్టి పక్కకి దూకాడు. నిద్రగన్నేరు మూలిగి, పెరట్లో ఖాళీ వైపుకి పడుకుంది. మొత్తం ఒకటిన్నర రోజు పట్టింది. పగిలిన పెంకులు మూడు.

మర్నాడు పొద్దున్న రంగనాయకులు నిచ్చెనేసుకుని ఆ మూడూ తనే మార్చాడు. కింద నిలబడి అచ్చమ్మ పట్టిన తప్పులు పదకొండు.