అత్తమ్మ ఉప్పుకండ కూర

మౌలాలిలో మాది రెండు గదుల పోర్షన్. సాఫ్ట్‌వేర్ కంపెనీలు రోజుకొకటి పుట్టుకొస్తున్న కాలం. నేను మాదాపూర్‌లో టెస్టింగ్ చేసేదాన్ని. రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. మా ఆయన నెలలో సగం రోజులు బెంగళూరులోనే. పాపను చూసుకోవడానికి మా అత్తమ్మ పాడేరు కొండల మీది నుంచి వచ్చింది.

ఆ వానాకాలంలో ఆమె మేకమాంసం తెప్పించి, పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, గ్యాస్ పొయ్యికి పైన తాడు కట్టి ఆరేసింది. వాళ్ల ఊళ్లో కట్టెల పొయ్యి పొగకే ఎండిపోతుందట. ఇక్కడ పొగ ఎక్కడిది? మూడో రోజుకే ఇల్లంతా వాసన. నా ఆఫీసు బట్టలకీ పట్టింది.

"జెర ఆలోచించాలె కదా అత్తమ్మా! గీ బట్టలేసుకొని మీటింగ్‌ల ఎట్ల కూసోవాలె?" అని అరిచేశాను.

మర్నాడు చూస్తే వంటింట్లో తాడు లేదు. పారేసిందనుకున్నాను.

వారం తర్వాత మెట్ల దగ్గర ఇంటి ఓనరమ్మ ఆపింది. "మీ అత్తమ్మ పొద్దంత డాబా మీదనే కూసుంటుంది. ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?"

చినుకు పడితే మాంసం దించుకుంటూ, ఎండొస్తే మళ్లీ ఆరేస్తూ, పాపను ఒళ్లో పెట్టుకుని కాకుల్ని తోలుతోందట. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే తప్పయిందని అందామనుకున్నాను. కానీ ఆఫీసులో పని మీద పడింది. నాలుగు రోజులు ఇంట్లో మాట్లాడే తీరికే దొరకలేదు.

ఐదో రోజు వచ్చి, బ్యాగుతోనే గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. అన్నం వద్దన్నాను. అత్తమ్మ వినలేదు. ఎండిన ముక్కలు నానబెట్టి, దంచి, కొండ మీంచి తెచ్చుకున్న వెదురుకొమ్ములతో, అంటే పులియబెట్టిన లేత వెదురు మొలకలతో, వండింది. వేడన్నంలో కలిపి నా చేతికిచ్చింది.

"తినమ్మా. కొండ మీద పన్లకెళ్లొచ్చి ఇదే తింటాం మేం. నువ్వు నమల్నేవని దంచీసినాను."

ఉప్పగా, పుల్లగా ఉంది. రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను. తిన్నాక ఆ మాట అనాలని తలెత్తేసరికి, ఆమె పాపకు స్నానం చేయించడానికి లేచింది. నేను అలాగే, చెయ్యి కడుక్కోకుండానే నిద్రపోయాను.

పాప బడికి వెళ్లేదాకా ఆమె మా దగ్గరే ఉంది. ఆ కూర ఎన్నోసార్లు వండింది. క్షమించమని మాత్రం నేను అడగనేలేదు.