నల్లదారం ఆమె గుప్పిట్లోనే ఉంది

ఆరేళ్లుగా ఒక బొమ్మను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు నా పేరు అక్కర్లేదు. తప్పు తెలిస్తే చాలు.

ముందు గర్వంగా చెప్పుకోవలసింది చెబుతాను. నాంపల్లిలో, పెచ్చులూడుతున్న ఒక పాత భవనంలో, మా విశ్వవిద్యాలయ బృందం ఒక యంత్రాన్ని తయారుచేసింది. మెడ మీదికి వెలుగు పంపితే లోపలి కండ మన చెవికి అందని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును మా యంత్రం బొమ్మగా మారుస్తుంది; గడ్డ ఉంటే అందులో చుక్కలా మెరుస్తుంది. కోత లేదు, సూది లేదు. దాని ముందు నిలబడితే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

పరీక్షలకు ఒప్పుకుని వచ్చినవాళ్లలో యాదమ్మ ఒకరు. మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లు అమ్మేది. తను కేకేస్తే అబిడ్స్ దాకా వినిపిస్తుందని చెప్పి నవ్వింది. మెడలో నల్లదారం, దానికి తాయెత్తు. నలుపు వెలుగును మింగి పెద్ద చప్పుడు చేస్తుంది, బొమ్మ చెడుతుంది. అందుకే తీసెయ్యమన్నాను. కాసేపటికి తెర మీద, మెడకు కుడి పక్కన, ఒక చుక్క మెరిసింది.

“దారం తియ్యలేదు కదూ?”

“అయ్యో, తీసిన సారూ! గిదిగో, గుప్పిట్ల వట్టుకున్న.” చెయ్యి తెరిచి చూపింది. “మీ మిషన్‌కు మా దేవుడంటే గంత భయమా ఏంది?”

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చుక్క చూసి నేనడిగాకే దారం తీసి చూపిస్తోందని తీర్మానించుకున్నాను. మళ్లీ బొమ్మ తీయవలసింది. అయిదు నిమిషాల పని. ఎందుకు తీయలేదు? ఎదుటివాళ్లను జీవితమంతా రుజువు అడిగినవాడిని, రుజువు అరచేతిలో పెట్టి చూపిస్తే ఎందుకు నమ్మలేకపోయాను? ‘దారం వల్ల చెడిన బొమ్మ’ అని రాసి పక్కన పడేశాను. ఆ సాయంత్రం అబిడ్స్‌లో మూఢనమ్మకాల మీద సభ. తాయెత్తు యంత్రాన్ని తికమకపెట్టిన కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఏడాది తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. మెడ మీద కుట్ల మచ్చ. క్యాన్సర్ గడ్డ తీశారు. అది అప్పటికే గొంతు నరాన్ని పట్టేసిందట. కేక పోయింది, గాలి మిగిలింది.

“సారూ, అప్పుడు మీ మిషన్ల ఏమన్న కనవడ్డదా?”

“లేదమ్మా.”

“ఔ, నా నసీబే గట్లుంది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి.”

నసీబు. తలరాత. వేదికలెక్కి ఈ మాటలను చీల్చి చెండాడినవాడిని, ఆ రోజు వాటి వెనకే దాక్కున్నాను. ఖండించలేదు. ఆ నమ్మకం నాకు పనికొచ్చింది మరి.

ఇవాళ పాత ఫైలు తెరిచాను. చుక్క అలాగే మెరుస్తోంది. యంత్రం చూసింది. దాని మీద నా గర్వం ఇసుమంత కూడా తగ్గదు. నా రాత కొట్టేసి, కింద సంతకం పెట్టి రాశాను: ‘బొమ్మ సరైనదే. దారం ఆమె గుప్పిట్లో ఉంది. చూసినవాడే నమ్మలేదు.’ బృందానికంతా పంపాను. గుండె కొంచెం తేలికపడింది, అంతే.

రేపు మార్కెట్‌కు వెళ్లి ఆమెకు చెబుతాను. క్షమించమని అడగను. నసీబు అన్న మాట మళ్లీ ఆమె నోట వస్తే మాత్రం ఈసారి అడ్డుపడతాను: నసీబు కాదమ్మా, నేను.